నేను పోతపోసిన బాబాయి ముఖం

మా ఇంట్లో ఎవరైనా దెయ్యం అనే మాట ఎత్తితే మా నాన్నగారు అన్నం ముందునుంచి లేచిపోయేవారు. ఆయన లెక్కల మాస్టారు. "పోయినవాళ్ళు నిద్రలో ఉంటారు, మన గుమ్మాల చుట్టూ తిరిగే పని వాళ్ళకి లేదు" అనేవారు. నేనూ అలాగే పెరిగాను. పైగా పళ్ళ డాక్టర్ని. కాలేజీలో శవాల్ని కోసే గది పక్కనే కూర్చుని టిఫిన్ బాక్సు విప్పిన రోజులున్నాయి. దెయ్యాలున్నాయా అని ఇప్పుడు అడిగినా లేవనే చెప్తాను.

కానీ మా దేవసహాయం బాబాయి విషయంలో జరిగింది మాత్రం ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఊరి పేరు రాయను. ఇందులో వచ్చే చెరువుల ఆసామిని సత్యంగారు అంటాను. అది అసలు పేరు కాదు. ఆయన పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. నేను రాజమండ్రిలో డెంటల్ చదువుతున్నాను. క్యాన్సర్ వల్ల ముక్కో చెంపో పోయినవాళ్ళకి సిలికాన్‌తో ఆ భాగం తయారుచేసి అమర్చడం మా చదువులో ఒక భాగం. ఫైనలియర్ ప్రాజెక్టుకి అందరూ చెవి చేస్తాం, ముక్కు చేస్తాం అంటే, నేను నిండు ముఖం చేస్తానన్నాను. మా సార్ నవ్వారు. "చెయ్యొచ్చమ్మా. అరగంట కదలకుండా పడుకునే మనిషిని తెచ్చుకో" అన్నారు.

అలాంటి మనిషి నాకు ఒక్కడే తెలుసు. నాన్నగారి తమ్ముడు దేవసహాయం బాబాయి. పాలకొల్లు అవతల ఒక ఊళ్ళో సత్యంగారి రొయ్యల చెరువుల మీద కాపలా ఉండేవాడు. మేత వెయ్యడం, ఏరేటర్లు చూసుకోవడం ఆయన పని. ఏరేటర్లంటే నీళ్ళకి గాలి పట్టించడానికి చెరువులో తిరిగే కరెంటు చక్రాలు. ఆదివారం చర్చిలో వాక్యం చదివేదీ ఆయనే. సంఘ పెద్ద. కల్లు కూడా ఎరగడు. ముఖం నిండా చిన్నప్పటి మశూచి మచ్చలు. సిలికాన్‌లో చర్మం ఎంత నిజంగా వస్తుందో చూపించడానికి అంతకంటే మంచి ముఖం దొరకదు.

అడగ్గానే వచ్చాడు. ఒక సంచిలో రొయ్యలు కూడా తెచ్చి హాస్టల్ వంటమనిషికి ఇచ్చాడు. కుర్చీలో వెనక్కి పడుకోబెట్టి కనుబొమలకీ మీసానికీ వేజిలీన్ రాశాను. ముక్కులో రెండు స్ట్రాలు పెట్టి, పళ్ళ అచ్చులు తీసే గులాబీరంగు ముద్దని ముఖమంతా కప్పేసి, దాని మీద ప్లాస్టర్ గుడ్డలు వేశాను. ఇబ్బందైతే నా చెయ్యి నొక్కమన్నాను. ఒక్కసారి కూడా నొక్కలేదు. అచ్చు ఊడదీశాక లేచి కూర్చుని కళ్ళు నులుముకున్నాడు. "సమాధిలోంచి లేచినట్టుందే డాక్టరమ్మా" అన్నాడు.

ఆ ముఖం చెయ్యడానికి నాకు రెండు నెలలు పట్టింది. సిలికాన్ రంగు పట్టుకోవడమే పెద్ద పని. చర్మం కింద నరాల ఎరుపు కనబడ్డానికి ఎర్రదారాన్ని పొడిలా కత్తిరించి కలిపాను. కనుబొమలకీ రెప్పలకీ మీసానికీ సూదితో ఒక్కొక్క వెంట్రుకా గుచ్చాను. ఆ జుట్టు బాబాయి కూతురు సువార్తది. అప్పుడు దానికి పంతొమ్మిదేళ్ళు, పాలకొల్లులో డిగ్రీ చదువుతోంది. బాబాయి మీసం సగం పైగా నెరిసింది కానీ, నా దగ్గరున్నది నల్ల జుట్టే కాబట్టి మీసం నల్లగానే పెట్టేశాను.

కళ్ళు మూసుకునే ఉన్నాయి. అచ్చు తీసేటప్పుడు మూయించక తప్పదు. తెరిచినట్టు చెక్కమని సార్ అన్నారు. రెండుసార్లు చెక్కి చూశాను, చచ్చిన చేప కళ్ళలా వచ్చాయి. అలాగే వదిలేశాను.

పూర్తయ్యాక బాబాయి వచ్చి చూసుకుని పగలబడి నవ్వాడు. "మీసం నల్లబరిచి నన్ను పెళ్ళికొడుకుని చేసేశావు. మీ పిన్ని చూస్తే ఊరుకోదు" అన్నాడు. నేను బాబాయిని చూడడం అదే ఆఖరు.

నాలుగు నెలల తర్వాత కాలేజీ ఆఫీసుకి ఫోనొచ్చింది. తెల్లారేసరికి బాబాయి చెరువు గట్టు కింద నీళ్ళలో పడి ఉన్నాడట. పక్కన మందు సీసా. తాగి కాలుజారి పడ్డాడని సత్యంగారు చెప్పారు.

నేను వెళ్ళేసరికి పెట్టెలో పడుకోబెట్టారు. కుడి అరచెయ్యి చూశాను. వేళ్ళ మొదట్లో నల్లగా, లోతుగా కాలిన మచ్చ ఉంది. అది కరెంటు మచ్చని నాకు తెలుసు. గట్టు మీద ఏరేటర్ వైరు అతుకులు పడి తడిలో పడుంటోందని బాబాయి ఇంట్లో చాలాసార్లు అన్నాడు కూడా. ఆ మచ్చని మా నాన్నగారికి చూపించాను. ఆయన పెద్దమనుషులకి చూపించారు. వాళ్ళు పెట్టె మూత వెయ్యమన్నారు. పోయినవాడు ఎలాగూ రాడు, కేసులెందుకు అన్నారు.

పిన్ని మాత్రం వచ్చినవాళ్ళందరితో ఒకటే మాట అంది. "నేను ముఖంలో ముఖం పెట్టి చూశానండి. మందు వాసన లేదండి." అందరూ తలూపి వెళ్ళిపోయారు.

తాగి పడ్డాడన్న మాట పిన్నిని బాగా తొలిచేసింది. తరవాతి ఆదివారం చర్చిలో ఎవరో తాగుడుకి బానిసలైన కుటుంబాల గురించి ప్రార్థించారు. పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. ముందు వరసలో కూర్చునే పిన్ని ఆ రోజునుంచీ గుమ్మం దగ్గర చెప్పుల పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది.

కొన్నాళ్ళకి ఒక శనివారం సువార్త రాజమండ్రి వచ్చింది. నాన్న ముఖం చూపించమంది. బీరువాలోంచి తీసి నా గదికి తెచ్చాను. అది ఏడవలేదు. వేలితో చెంప నొక్కి చూసింది. సిలికాన్ మనిషి చర్మంలాగే లోపలికి వెళ్ళి మళ్ళీ పైకొస్తుంది.

"అక్కా, ఇది పెట్టుకోవచ్చా?" అంది.

"ఎందుకే?"

"శుక్రవారం. మధ్యాన్నం రెండింటికి పనివాళ్ళు భోజనానికెళ్తే ఆ సత్యంగారొక్కడే మోటారు షెడ్డులో ఉంటాడు. నాన్న ఖాకీ చొక్కా ఉంది. నేనేం చెయ్యను, ఏం మాట్లాడను. ఊరికే షెడ్డు వెనకాల నిలబడతాను."

వద్దనాల్సింది నేనే. దానికంటే నాలుగేళ్ళు పెద్దదాన్ని. కానీ ఆ మాట వినగానే నాకు కలిగింది సంతోషం. ఆయన మొహం ఎలా అయిపోతుందో తలుచుకుంటే ఒళ్ళు వేడెక్కింది. పెట్టుకుంటే కనబడాలి కదా అని ఆపరేషన్ బ్లేడుతో రెప్పల వెంట్రుకల కింద, రెండు కళ్ళకీ సన్నగా గాట్లు పెట్టాను. సువార్త అద్దంలో పెట్టుకుని చూసింది. గాట్లు బయటికి కనబడవు. దగ్గరకొచ్చి, వేలితో రెప్ప ఎత్తితే తప్ప తెలియదు. ఆ గాట్ల సంగతి మా ఇద్దరికీ తప్ప మూడో మనిషికి తెలియదు. ఇది గుర్తుపెట్టుకోండి.

సోమవారం మాస్కుని మళ్ళీ కాలేజీ బీరువాలో పెట్టాను, గురువారం తీసుకెళ్దామని. బుధవారం సార్ పిలిచారు. వైజాగ్‌లో డాక్టర్ల సదస్సు జరుగుతోందనీ, నా మాస్కుని అక్కడ పెడతాననీ చెప్పారు. కాదనడానికి నా దగ్గర ఏ కారణమూ లేదు. గాట్లు చూస్తారేమోనని భయపడ్డాను. చూడలేదు. థర్మాకోల్ పెట్టెలో సర్దుకుని ఆ సాయంత్రమే రైలెక్కారు.

పిన్ని ఇంట్లో ఫోన్ లేదు. అందుకని శుక్రవారం పొద్దున్నే తణుకు బస్సెక్కి, అక్కణ్ణుంచి పాలకొల్లు, అక్కణ్ణుంచి ఆటోలో ఊళ్ళోకి వెళ్ళాను. పన్నెండున్నరకి చేరాను. మాస్కు లేదని చెప్తే సువార్తకి కోపమొచ్చింది. "నువ్వు భయపడి తేలేదు" అంది. కాసేపు ఏడ్చింది. పిన్నికి ఇవేమీ తెలియవు. ముగ్గురం అన్నాలు తిన్నాం. తర్వాత పిన్ని అరుగు మీద బియ్యం చెరుగుతోంది. సువార్త ఉతికిన బట్టలు మడతపెడుతోంది. నేను గడప మీద కూర్చున్నాను. ఒంటిగంట నుంచి సువార్త నా కళ్ళముందునుంచి కదల్లేదు.

రెండున్నర దాటాక సత్యంగారు వచ్చారు. చెరువులు అక్కడికి కిలోమీటరు దూరం. బండి లేదు, కాళ్ళకి చెప్పుల్లేవు, మోకాళ్ళదాకా బురద. మధ్యాన్నం ఎండలో ఆ మనిషి వణుకుతున్నాడు. పిన్నిని ఎప్పుడూ 'ఏమే' అని పిలిచేవాడు. ఆ రోజు వచ్చి అరుగు ముందు కూలబడిపోయాడు.

"అమ్మా, మీ ఆయన్ని వెళ్ళిపొమ్మని చెప్పమ్మా."

పిన్ని చేట ఆపలేదు. "ఎవర్నండీ?"

"దేవసహాయాన్నే. షెడ్డు వెనకాల నిలబడ్డాడు. కళ్ళు మూసుకుని నిలబడ్డాడమ్మా. నేను ఎటు వెళ్తే అటు ముఖం తిప్పుతున్నాడు."

సువార్త నా వైపు చూసింది. నేను దాని వైపు చూశాను.

"కళ్ళు మూసుకుంటే మీరెటు వెళ్ళారో ఎలా తెలుస్తుందండీ?" అంది సువార్త. గొంతు గట్టిగానే ఉంది కానీ, చేతిలో బట్ట జారిపోయింది.

"రెప్పల కింద కోసుందమ్మా. బ్లేడుతో గీసినట్టు. ఆ సందులోంచి చూస్తున్నాడు." ఆయన రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. "దేవసహాయమే. కానీ మీసం కుర్రాడి మీసంలా నల్లగా ఉంది."

ఆయన చెప్తున్నది మా బాబాయి గురించి కాదు. నేను చేసిన ముఖం గురించి. ఆ ముఖం ఆ నిమిషానికి వైజాగ్‌లో ఉంది.

ఎవరూ అడక్కుండానే ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. వైరు మార్చమని బాబాయి మూడుసార్లు చెప్పాడట. కనీసం మెయిన్ ఆపితే అతుకు గట్టిగా కడతానన్నాడట. "నేనే ఆపొద్దన్నానమ్మా. చక్రాలాగితే గాలందక రొయ్య చచ్చి తేలిపోతుందని. సీసా నేనే తెప్పించి పెట్టించాను" అని ఏడ్చాడు.

అప్పుడు పిన్ని చేట పక్కన పెట్టింది.

"ఆయన్ని నేను పిలవలేదండి, పంపించడానికి. ఈ మాట నాతో కాదు. ఎల్లుండి చర్చికొచ్చి అందరిముందూ చెప్పండి."

"చెప్తే వెళ్ళిపోతాడా?"

"అది నాకు తెలీదండి" అని లోపలికెళ్ళిపోయింది.

ఆయన ఇంకా అక్కడే కూర్చుని ఏడుస్తున్నాడు. నాకు జాలి కలగలేదు. ఇంకాసేపు ఏడిస్తే బాగుండుననిపించింది. ఉన్నమాట రాస్తున్నాను.

నేనూ సువార్తా చెరువుల దగ్గరికి వెళ్ళాం. బండి స్టాండు వేసి ఉంది. ఒక చెప్పు షెడ్డు ముందు, ఒకటి బురదలో. షెడ్డు వెనకాల నేల తడిగా మెత్తగా ఉంది. ఆయన కాళ్ళ గుర్తులే షెడ్డు చుట్టూ మూడు నాలుగు సార్లు తిరిగి ఉన్నాయి. ఇంకెవరి అడుగూ లేదు. ఇద్దరం వంగి వంగి వెతికాం.

ఆదివారం సత్యంగారు చర్చికొచ్చారు. ఆయన మా చర్చి మనిషి కాదు. గుమ్మంలో నిలబడి, తలెత్తకుండా, దేవసహాయం తాగలేదనీ, కరెంటు కొట్టి పోయాడనీ, సీసా తానే పెట్టించాననీ చెప్పారు. గుమ్మం దగ్గర కూర్చున్న పిన్ని లేచి, అందరి మధ్యలోంచీ నడుచుకుంటూ వెళ్ళి తన పాత చోట్లో, ముందు వరసలో కూర్చుంది.

సోమవారం సార్ తిరిగొచ్చారు. శుక్రవారం మధ్యాన్నం మాస్కు ఎక్కడుందని అడిగాను. గాజుపెట్టెలో, ఇంకెక్కడుంటుంది అన్నారు. ఫొటోలు కడిగించాక నాకూ ఒకటిచ్చారు. సార్ పక్కనే బాబాయి ముఖం, మూలన నారింజరంగు అంకెల్లో ఆ శుక్రవారం తారీకు. టైము కూడా ఉంది. రెండూ ఇరవై. అది ఇప్పటికీ నా దగ్గరుంది.

నన్ను నేను చాలా రకాలుగా సమాధానపరచుకోవాలని చూశాను. తప్పు చేసిన మనసు కాబట్టి ఆయనకి అలా కనబడి ఉంటుంది. నల్లమీసం సంగతి బాబాయే చెరువుల దగ్గర నవ్వుతూ చెప్పి ఉంటాడు. ముఖం అచ్చుకి కళ్ళు మూసుకున్న సంగతీ చెప్పి ఉంటాడు. అంతవరకూ సరే. రెప్పల కింద గాట్లు? అవి బాబాయి పోయాక పెట్టినవి.

సువార్త ఎవరితోనో అని ఉంటుందని నేను అనుకున్నాను. నేను రహస్యంగా రెండో మాస్కు చేసి ఎవరికో ఇచ్చానని అది అనుకుంది. ఒకరి మీద ఒకరికి అనుమానంతో రెండేళ్ళు సరిగ్గా మాట్లాడుకోలేదు. ఆ తర్వాత ఒకరోజు ఎదురెదురుగా కూర్చుని బైబిల్ మీద చెయ్యేసి చెప్పుకున్నాం. ఇద్దరం ఎవరితోనూ అనలేదు.

నాన్నగారికి మొత్తం చెప్పాను. ఆయన వాదిస్తారనుకున్నాను. చాలాసేపు ఫొటో చూసి, ఆ మాస్కు ఇమ్మన్నారు. ఆయనే తీసుకెళ్ళి బాబాయి సమాధి పక్కన గొయ్యి తీసి పాతిపెట్టారు. "గాట్ల సంగతి ఇంకెవరికీ చెప్పకు" అన్నారు. ఆయన బతికున్నంతకాలం చెప్పలేదు.

సత్యంగారికి మాత్రం చర్చిలో చెప్పినందువల్ల ఒరిగిందేమీ లేదు. చెరువులు లీజుకి ఇచ్చేశారు. మధ్యాన్నం అయితే తలుపులు వేసుకుని గదిలో కూర్చునేవారట. గుళ్ళూ గోపురాలూ తిరిగారు. ఎవరెవరి చేతో తాయెత్తులు కట్టించుకున్నారు. మనిషి సగమైపోయాడని వింటుండేదాన్ని.

ఆరేడేళ్ళ తర్వాత ఆయన మంచాన పడ్డారు. అప్పటికి నేను తణుకులో క్లినిక్ పెట్టుకున్నాను. సెలవుకి పిన్ని దగ్గరికి వెళ్ళిన రోజే ఆయన భార్య ఆటోలో వచ్చారు. పిన్ని రెండు చేతులూ పట్టుకున్నారు.

"ఒక్కసారి వచ్చి క్షమించానని చెప్పు తల్లీ. మూడు రోజులైంది, ప్రాణం పోవట్లేదు. నీ పేరే తలుస్తున్నారు."

"రేపు పొద్దున్నే వస్తానండి" అంది పిన్ని.

పిన్ని మాట తప్పే మనిషి కాదు. పక్కింటివాళ్ళతో గొడవొచ్చినా సాయంత్రానికి తనే వెళ్ళి పలకరిస్తుంది. మర్నాడు ఏడింటికల్లా తలస్నానం చేసి, చర్చికి కట్టే తెల్లచీర కట్టుకుని, బైబిల్ పట్టుకుని నడవాలో కుర్చీ మీద కూర్చుంది. నేను స్కూటీ బయటికి తీసి పిలిచాను. పలకలేదు. లోపలికొచ్చి చూస్తే వీధి గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది. మళ్ళీ పిలిచాను. చెయ్యెత్తి ఆగమంది.

పదైంది, పన్నెండైంది. సత్యంగారి భార్య రెండుసార్లు మనిషిని పంపారు. పిన్ని లేవలేదు, తినలేదు, కుర్చీ దిగలేదు. మూడింటికి కబురొచ్చింది, సత్యంగారు పోయారని. నానా యాతన పడి పోయారట.

కబురు తెచ్చినవాడు వెళ్ళాక పిన్ని లేచి, లోపల చీర మార్చుకుని వచ్చింది. తెల్లచీర మడతపెడుతుంటే రెండో కొస నేను పట్టుకున్నాను.

"వెళ్దామనే కదా పిన్నీ కట్టుకున్నావు?" అన్నాను.

"వెళ్దామనే" అంది. "మీ బాబాయి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. పొద్దుటినుంచీ. ఇప్పుడే పక్కకి జరిగాడు."

నేను ఆ గుమ్మంలోంచే నాలుగైదుసార్లు లోపలికీ బయటికీ తిరిగాను. నాకేమీ కనబడలేదు, ఏమీ తగల్లేదు. పిన్ని చెప్పింది నిజమో, వెళ్ళడం ఇష్టం లేక అన్న మాటో నాకు తెలియదు. అడగడానికి ధైర్యం చాల్లేదు. షెడ్డు వెనకాల ఆయన చూసిందేమిటో కూడా ఈ రోజుకీ చెప్పలేను. పిన్ని చీర బీరువాలో పెట్టేసి, పొయ్యి వెలిగించి, ఇద్దరికీ అన్నం వండింది. చాలా రోజుల తర్వాత ఆ పూట కడుపునిండా తింది.